ధ్యాన శిబిరం నుంచి వచ్చాక చెల్లికి నిద్ర లేదు: ఇది అనుభవమా, అనారోగ్యమా?

కాకినాడ_అక్క · ఆదివారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. మా చెల్లి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. వయసు ముప్పై దాటింది. ఆఫీసు ఒత్తిడి తట్టుకోలేకపోతున్నానని సెలవు పెట్టి ఒక మౌన ధ్యాన శిబిరానికి వెళ్లింది. అది ఎవరిది, ఎక్కడ జరిగింది అని దయచేసి అడగకండి. నా బాధ అది కాదు.

తిరిగొచ్చిన కొత్తలో మొహం వెలిగిపోతూ ఉంది, మేమంతా సంతోషించాం. తర్వాత నిద్ర తగ్గిపోయింది. రాత్రికి రెండు మూడు గంటలకు మించి పడుకోవడం లేదు. అయినా అలసట లేదంటుంది. "నాకిక నిద్ర అక్కర్లేదక్కా, వెన్నులోంచి ఏదో పైకి పాకుతోంది, తలలో వెలుగు ఆరడం లేదు" అంటుంది. గోడకున్న క్యాలెండర్ కాగితాలు చింపి వాటి వెనక తెల్లవైపంతా సన్నటి అక్షరాలతో నింపేసింది. అడిగితే వరసగా మాట్లాడుతూనే ఉంటుంది, మధ్యలో మనకు సందు ఇవ్వదు. మొన్న తెల్లవారుజామున అపార్ట్‌మెంట్ మేడ మీదికి ఒక్కతే వెళ్లి నిలబడింది. మా మరిది వెతుక్కుంటూ వెళ్లి తీసుకొచ్చాడు.

చెల్లి అత్తగారు అమ్మవారి అంశ అంటున్నారు. మరిదికేమో పిచ్చాసుపత్రి అన్న పేరు పడుతుందేమోనని భయం. దీని మీద పరిశోధన చేసినవాళ్లు, చదివినవాళ్లు, స్వయంగా అనుభవించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

తిరుపతి_సాధకుడు · ఆదివారం, రాత్రి 11:52

అమ్మా, నేను ముప్పై ఏళ్ల పైనుంచి సాధన చేస్తున్నవాణ్ణి. ప్రకంపనలు, వెలుగు, శరీరం తేలిపోయినట్టుండటం, ఇవన్నీ సాధకులకు ఎదురయ్యేవే. కంగారుపడి మందుబిళ్లలు మింగించకండి. మన శాస్త్రాలు వేల ఏళ్లుగా చెప్పిన స్థితుల్ని జబ్బుల జాబితాలో వేయడం నిన్నమొన్నటి పని. గురువు దగ్గరికి పంపండి, అంతా సర్దుకుంటుంది.

విశాఖ_పీజీ · సోమవారం, అర్ధరాత్రి 12:15

అక్కా, నేను సైకియాట్రీ పీజీ చేస్తున్నాను. మనిషిని చూడకుండా ఇది ఫలానా జబ్బు అని ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను. కానీ మీరు రాసినదాంట్లో ముందు పట్టించుకోవాల్సింది వెలుగు కాదు, మేడ.

ఈ రాత్రికే మేడ తలుపుకు తాళం వేయించండి. ఎవరో ఒకరు ఆవిడ గదిలోనే పడుకోవాలి. బండి తాళాలు, బ్యాంకు కార్డులు మరిది దగ్గర ఉంచుకోమనండి. వాదనకు దిగొద్దు. నీకొచ్చింది అనుభవం కాదు, భ్రమ అంటే ఆవిడ మీకు చెప్పడం మానేస్తుంది, అప్పుడు ఇంకా కష్టం.

నిద్ర తగ్గడం వేరు, నిద్ర అవసరమే తగ్గడం వేరు. నిద్ర పట్టనివాళ్లు పగలంతా నీరసంగా ఉంటారు. రెండు గంటలు పడుకుని హుషారుగా ఉంటూ, ఆగకుండా మాట్లాడుతూ, ఆగకుండా రాస్తున్నారంటే మేము మొదట అనుమానించేది మేనియా, అంటే మూడ్, హుషారు అదుపు తప్పి పైకెగిరే స్థితి. బైపోలార్ (మూడ్ ఒకసారి మేనియాలోకి, ఒకసారి దిగులులోకి ఊగే జబ్బు) ఉన్నవాళ్లలో నిద్ర చెడటమే మేనియాను రెచ్చగొట్టొచ్చు. శిబిరాల్లో తెల్లవారకముందే లేవడం, తక్కువ తినడం, మాట లేకపోవడం, గంటల తరబడి ఒకేచోట కూర్చోవడం, అన్నీ ఒకేసారి మీద పడతాయి. లోపల అంతకుముందే ఏదైనా పొంచి ఉంటే బయటపడటానికి అది చాలు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇంతకుముందు ఇలా జరిగిందా? చెల్లికి కాన్పులు, గర్భస్రావాలు, థైరాయిడ్, ఫిట్స్ ఏమైనా ఉన్నాయా? డిప్రెషన్‌కి మందులు వాడుతోందా? ఇవి కనుక్కోండి. ఈ రాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. రేపు పొద్దున్నే డాక్టర్ దగ్గరికి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఒక్కటే కాదు, చాలా జనరల్ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. మీ మరిదికి పేరు భయం ఉంటే అక్కడికి వెళ్లొచ్చు.

జనగామ_రాజు · సోమవారం, ఉదయం 7:05

అక్కా, మా పెద్దమ్మ శివసత్తి. చిన్నప్పటి సంది చూస్తున్న గాబట్టి ఒక మాట చెప్త. బోనాలప్పుడు డప్పు సప్పుడు షురూ కాంగనే ఆమెకు పూనకం వస్తది. కండ్లు పెద్దగైతయ్, గొంతు మారుతది, మనం చూసిన పెద్దమ్మ గాదు. కని ఆమె సుట్టు నలుగురు ఆడోళ్లుంటరు. ఒగలు నడుం పట్టుకుంటరు, ఒగలు పసుపు నీళ్లు పోస్తరు, ఇంకొగలు అడగాల్సింది అడుగుతరు. హారతి ఇయ్యంగనే కిందికి దిగుతది. ఇంటికొచ్చి ఇంత గట్క తాగి పండుకుంటది, తెల్లారి నాటుకు పోతది. ఏడాదంతా మంచిగుంటది.

గదే పెద్దమ్మకు ఒక ఏడు బోనాలు అయిపోయినంక గూడ దిగలే. తిండి లేదు, నిద్ర లేదు, మనుమరాలిని గుర్తువట్టలే. అప్పుడు పెద్దమ్మ తోటి శివసత్తులే అన్నరు, "గిది అమ్మ గాదు బిడ్డా, దవాఖానకు తోల్కపోండ్రి" అని. డాక్టరుకు చూపిస్తే తక్కువైంది. తర్వాతి ఏడు మల్ల బోనమెత్తింది. గా ఆడోళ్లు సదువుకున్నోళ్లు గాదు, కని ఏది పూనకమో ఏది గాదో వాళ్లకు ఎరుకే.

సాహితి_క్లినికల్ · సోమవారం, ఉదయం 9:40

రాజు గారు చెప్పిన తేడానే ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణలో కూడా ఉంది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ఐసీడీ-11లో పూనకం లాంటి స్థితులకు రెండు పేర్లున్నాయి, ట్రాన్స్ డిజార్డర్, పొసెషన్ ట్రాన్స్ డిజార్డర్. వాటిని రుగ్మత అనాలంటే ఆ స్థితి మనిషి కోరకుండా రావాలి, ఆ సమాజం ఒప్పుకున్న ఆచారంలో భాగం కాకూడదు, మనిషికి బాధో, బతుకులో నష్టమో కలగాలి. ఉజ్జయిని మహంకాళి గుడిలో పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పే ఆవిడకు ఈ లెక్క ప్రకారం ఏ జబ్బూ లేదు. ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. మన దేశంతో సహా చాలా సమాజాల్లో పనిచేసిన మానసిక వైద్యులు, మానవశాస్త్రజ్ఞులు దశాబ్దాలపాటు పోట్లాడితే వచ్చింది.

సాధకుడు గారూ, ధ్యానాన్ని జబ్బు అనేవాళ్లు మా రంగంలో పెద్దగా ఎవరూ లేరండి. 1966లో ఆర్నల్డ్ లుడ్విగ్ అనే మానసిక వైద్యుడు చైతన్య స్థితులు మారే మార్గాల్ని ఒకచోట చేర్చి రాశాడు. బయటి నుంచి వచ్చే ఉద్దీపన బాగా తగ్గినా మారతాయి, బాగా పెరిగినా మారతాయి. మౌన శిబిరం మొదటి దారి, డప్పు మధ్య పూనకం రెండో దారి. 1950ల్లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కాలేజీ కుర్రాళ్లకు రోజుకు 20 డాలర్లు ఇచ్చి, కళ్లకు మసక అద్దాలు, చేతులకు తొడుగులు పెట్టి, చిన్న గదిలో ఊరికే పడుకోబెట్టారు. అంత డబ్బు వస్తున్నా చాలామంది రెండు మూడు రోజులు దాటి ఉండలేకపోయారు. లేని బొమ్మలు కనిపించాయని చెప్పారు. వాళ్లెవరూ రోగులు కారు. ఆరోగ్యంగా ఉన్న మెదడుకు కూడా బయటి ప్రపంచం ఆపేస్తే తన బొమ్మలు తానే గీసుకుంటుంది.

ఇక ధ్యానం గురించి. అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన విల్లోబీ బ్రిటన్, జేరెడ్ లిండాల్ బౌద్ధ ధ్యానం చేసేవాళ్లనూ నేర్పేవాళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడి, 2017లో ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. సాధకులకు కష్టం కలిగించిన అనుభవాలను 59 రకాలుగా, 7 విభాగాలుగా పెట్టారు. నిద్ర అవసరం తగ్గడం, ఒంట్లో శక్తి పాకడం, వెలుగులు కనిపించడం, భయం, నేనన్నది కరిగిపోవడం, అన్నీ ఉన్నాయి అందులో. వాళ్లు చెప్పిన ముఖ్యమైన సంగతి, ఒకే అనుభవం ఒకరికి వరంగా, ఇంకొకరికి నరకంగా ఉండొచ్చు. ఆ మనిషి చరిత్ర, ఎంత తీవ్రంగా సాధన చేసింది, పక్కన ఎవరున్నారు, ఇవే తేల్చేది. 2020లో ఇంకో బృందం 83 అధ్యయనాలను కలిపి చూస్తే ధ్యానంలో ప్రతికూల ఫలితాలు సుమారు 8 శాతం మందిలో కనిపించాయి. ఎక్కువగా ఆందోళన, దిగులు. అంటే నూటికి తొంభై మందికి ఏమీ కాదు. మిగిలినవాళ్ల గురించి శిబిరాల్లో ముందుగా చెప్పకపోవడమే నాకు అభ్యంతరం.

తిరుపతి_సాధకుడు · సోమవారం, ఉదయం 11:10

మీరు పాశ్చాత్యుల పరిశోధనలే చెబుతున్నారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో మనవాళ్లు 1961లోనే యోగుల మెదడు తరంగాలు కొలిచి రాశారు. సమాధిలో ఉండగా వెలుగు, శబ్దం, వేడి గాజు తగిలించినా ప్రశాంతంగా ఉన్నప్పుడు మెదడులో కనిపించే ఆల్ఫా తరంగాలు చెదరలేదు. ఇద్దరు యోగులు మంచులాంటి నీళ్లలో ముప్పావు గంటకు పైగా చెయ్యి ఉంచారు. ఇది జబ్బా?

సాహితి_క్లినికల్ · సోమవారం, మధ్యాహ్నం 12:30

కాదండి, మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఆనంద్, ఛీనా, సింగ్ చేసిన పని అది, నేను విద్యార్థులకు తప్పకుండా చెబుతాను. అమెరికా నుంచి వచ్చిన ఇద్దరు శాస్త్రవేత్తలతో కలిసి ఆనంద్, గుండె ఆపగలమన్న యోగులను పరీక్షించిన పని కూడా ఆ ఏడాదే ప్రచురించారు. నాడి అందలేదు కానీ ఈసీజీలో గుండె కొట్టుకుంటూనే ఉంది. ఊపిరి బిగబట్టి ఛాతీ కండరాలు బిగిస్తే నాడి దొరకదు. ఉన్నది ఉన్నట్టు, లేనిది లేనట్టు రాశారు. నాకు ఆ పద్ధతి మీద చాలా గౌరవం.

ఆ యోగుల్లో ఇంకొకటి గమనించండి. ప్రయోగం అయ్యాక వాళ్లు కళ్లు తెరిచి, లేచి, ఇంటికి వెళ్లిపోయారు. లోపలికి వెళ్లడం, బయటికి రావడం వాళ్ల చేతిలో ఉంది. ఈ అమ్మాయికి ఆ తలుపు చేతిలో లేదు.

తిరుపతి_సాధకుడు · సోమవారం, మధ్యాహ్నం 1:05

ఈ మాటతో ఏకీభవిస్తాను. మా గురువుగారు కూడా నిద్ర, ఆహారం చెడితే సాధన ఆపించేవారు. అక్కా, అమ్మాయిని ముందు డాక్టరుకు చూపించండి.

కాకినాడ_అక్క · మంగళవారం, సాయంత్రం 6:15

అందరికీ చేతులెత్తి దండం. నేను హైదరాబాద్ వచ్చేశాను. చెల్లితో "నీ అనుభవం గురించి కాదు, నిద్ర కోసం ఒక్కసారి వెళ్దాం" అన్నాను. దానికి ఒప్పుకుంది. ఒక ఆసుపత్రిలో చేర్చుకున్నారు. రక్తపరీక్షలు, థైరాయిడ్, మెదడు స్కాన్ రాశారు. డాక్టరమ్మ క్యాలెండర్ కాగితాలు కూడా ఓపిగ్గా చూసింది. మేనియా లక్షణాలని చెప్పి నిద్రకు, మూడ్‌కు మందులు మొదలుపెట్టింది. మా నాన్నగారి తమ్ముడు కుర్రతనంలో ఇలాగే రాత్రుళ్లు ఊరంతా తిరిగేవాడట, అమ్మ ఇవాళ చెప్పింది. ఇన్నేళ్లూ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

విశాఖ బాబూ, మెదడు స్కాన్ ఎందుకు రాశారు? భయమేస్తోంది.

విశాఖ_పీజీ · మంగళవారం, రాత్రి 8:50

భయపడకండి అక్కా, మంచి డాక్టర్ దొరికింది. మొదటిసారి ఇలా వచ్చినప్పుడు శరీరంలో ఇంకేదైనా కారణం ఉందా అని చూడటం మా పద్ధతి. మెదడులో చెవుల పక్కనుండే టెంపొరల్ లోబ్‌లో ఫిట్స్ వచ్చినా వింత అనుభవాలు, దైవదర్శనం లాంటివి కలగొచ్చు. మెదడు కణాల మీదుండే ఎన్ఎండీఏ రిసెప్టర్ మీద శరీరమే దాడి చేసే ఎన్‌సెఫలైటిస్, అంటే మెదడువాపు, ఒకటుంది. 2007లో డాల్మౌ అనే న్యూరాలజిస్టు బృందం దాని మూలం పట్టుకుంది. యువతుల్లో ఎక్కువ. మొదట పిచ్చిగా మాట్లాడటం, నిద్ర లేకపోవడంతో మొదలై తర్వాత ఫిట్స్, ఒళ్లు బిగుసుకుపోవడం వస్తాయి. వేళకు పట్టుకుంటే చాలామంది కోలుకుంటారు. అలాంటివారిని దయ్యం పట్టిందని తిప్పితే చేయి దాటిపోతుంది. అందుకే చూస్తారు. మీ చెల్లికి అదని కాదు, అది కాదని తేల్చుకోవడానికి.

బాబాయిగారి సంగతి డాక్టరమ్మకు తప్పక చెప్పండి. చికిత్స ఎంపికే మారిపోతుంది. బైపోలార్ ఉన్నవాళ్లకు డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే మేనియాలోకి తోసే ప్రమాదం ఉంది.

బెంగళూరు_కుర్రాడు · మంగళవారం, రాత్రి 10:30

ఇదే దారంలో అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. నేను డిప్రెషన్‌కి రెండు రకాల మందులు మార్చాను, పెద్దగా గుణం లేదు. నా రూమ్మేట్ కొండ ప్రాంతం నుంచి పుట్టగొడుగులు తెప్పిస్తానంటున్నాడు. అమెరికాలో ఒక్క డోసుతో డిప్రెషన్ పోయిందని వీడియోలు చూపిస్తున్నాడు. నిజమేనా?

డల్లాస్_నర్సు · బుధవారం, ఉదయం 5:45

తమ్ముడూ, వీడియోలో చూపించని భాగం చెబుతాను. ఆ పుట్టగొడుగుల్లో ఉండే సైలోసైబిన్ మీద పరిశోధన నిజమే. జాన్స్ హాప్కిన్స్‌లో రోలాండ్ గ్రిఫిత్స్ 2006లో ఆరోగ్యవంతుల మీద చేసిన పనితో మళ్లీ ఊపందుకుంది. 2022లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో, మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 233 మందికి 25, 10, 1 మిల్లీగ్రాముల చొప్పున మూడు గుంపులుగా ఒక్కసారి ఇచ్చారు. మూడు వారాలకు 25 మిల్లీగ్రాముల గుంపులో మెరుగు స్పష్టంగా ఎక్కువ. బాగా గుణం కనిపించినవాళ్లు ఆ గుంపులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అందరూ కాదు. పన్నెండు వారాలకు ఆ మెరుగు నిలిచినవాళ్లు ఇంకా తక్కువ. ఆత్మహత్య ఆలోచనలు, తనను తాను గాయపరచుకోవడం కొందరిలో నమోదయ్యాయి.

దానికి ముందు 2021లో లండన్‌లో 59 మంది మీద సైలోసైబిన్‌ను డిప్రెషన్‌కు మామూలుగా ఇచ్చే ఎస్‌సిటాలోప్రామ్ మందుతో పోల్చారు. ఆరు వారాలకు ముందుగా అనుకున్న కొలమానంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే పుట్టగొడుగు అద్భుతమూ కాదు, ఎస్‌సిటాలోప్రామ్ పనికిరానిదీ కాదు.

ఆ ట్రయల్స్‌లో మనిషిని ఎలా చూసుకుంటారో తెలుసా? ముందు కొన్ని సిట్టింగులు మాట్లాడతారు. డోసు రోజు మంచం, కళ్లకు గంతలు, సంగీతం, శిక్షణ పొందినవాళ్లు పక్కనే గంటల తరబడి. తర్వాత మళ్లీ మాట్లాడటం. సొంతానికి గానీ ఇంట్లోవాళ్లకు గానీ సైకోసిస్ (లేనివి ఉన్నట్టు తోచే జబ్బు), బైపోలార్ ఉంటే సాధారణంగా చేర్చుకోరు. పైన ఈ అక్క కుటుంబంలో బాబాయి సంగతి ఇప్పుడే బయటపడింది, చూశావుగా. నీ ఇంట్లో ఏముందో నీకు తెలుసా?

ఇంకో చిక్కు. ఇలాంటి మందు ఎవరికి వచ్చింది, ఎవరికి ఉత్త బిళ్ల వచ్చింది అన్నది అందరికీ తెలిసిపోతుంది. ఆశే సగం పని చేసిందా అని తేల్చడం కష్టం. ఇలాంటిదే ఇంకో మందు ఎండీఎంఏ విషయంలో 2024 ఆగస్టులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇవ్వకపోవడానికి ఇలాంటి సందేహాలూ కారణమే. ఆస్ట్రేలియా 2023 జులై నుంచి ప్రత్యేక అనుమతి ఉన్న సైకియాట్రిస్టులకు మాత్రమే సైలోసైబిన్, ఎండీఎంఏ రెండూ రాసే వీలిచ్చింది. మన దగ్గర సైలోసైబిన్ మత్తుమందుల నియంత్రణకున్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వస్తుంది, దగ్గర దొరికితే కేసు.

విశాఖ_పీజీ · బుధవారం, ఉదయం 9:20

బ్రదర్, నర్సు అక్క చెప్పిందానికి ఇంకొంచెం. రెండు మందులు పనిచేయలేదంటే దారులు మూసుకుపోయినట్టు కాదు. సరైన డోసులో, సరిపడా వారాలు వాడావా అన్నది మొదటి ప్రశ్న. చాలాసార్లు సగంలోనే మారుస్తారు. మాటల చికిత్స ఉంది, మందుకు మందు జోడించడం ఉంది, ఈసీటీ, అంటే మత్తిచ్చి చేసే కరెంటు చికిత్స, ఉంది. ఆపరేషన్లలో మత్తుకు వాడే కెటమిన్ కూడా మన దేశంలో కొన్ని ఆసుపత్రుల్లో డాక్టర్ల పర్యవేక్షణలో ఇస్తున్నారు. దాని బంధువు ఎస్‌కెటమిన్ ముక్కు స్ప్రేకు ఎఫ్‌డీఏ 2019లో అనుమతి ఇచ్చినప్పుడు కూడా, క్లినిక్‌లోనే వాడి కనీసం రెండు గంటలు కనిపెట్టుకుని ఉండాలని షరతు పెట్టింది. ఇంట్లో కూర్చుని చేసే పని కాదు. చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా? వస్తుంటే ఇక్కడ కాదు, ఇప్పుడే 14416.

బెంగళూరు_కుర్రాడు · బుధవారం, ఉదయం 10:02

అప్పుడప్పుడు వస్తున్నాయి. ఫోన్ చేస్తాను. రూమ్మేట్‌కి వద్దని చెప్పేశాను.

విశాఖ_పీజీ · బుధవారం, ఉదయం 10:06

చేశాక ఇక్కడ ఒక్క మాట రాయి. ఎదురుచూస్తుంటాను.

బెంగళూరు_కుర్రాడు · బుధవారం, ఉదయం 11:15

చేశాను. బాగా మాట్లాడారు. శుక్రవారం అపాయింట్‌మెంట్. అప్పటిదాకా అన్నయ్య ఇంట్లో ఉంటాను.

కాకినాడ_అక్క · శనివారం, సాయంత్రం 5:30

చెల్లి నిన్న రాత్రి ఆరు గంటలు పడుకుంది! స్కాన్‌లో ఏమీ లేదు. మాట నెమ్మదించింది. ఇప్పుడు అత్తగారు, డిశ్చార్జి కాగానే ఫలానా గుడిలో కొన్నాళ్లు ఉంచుదాం, అక్కడ నిద్ర చేస్తే నయమవుతుంది అంటున్నారు. ఆవిడ ప్రేమతోనే అంటున్నారు, కాదనలేకపోతున్నాం.

సాహితి_క్లినికల్ · శనివారం, రాత్రి 7:45

కాదనక్కర్లేదండి, మందులు ఆపనంతవరకు. ఒక అధ్యయనం చెబుతాను. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌కు చెందిన రఘురామ్ బృందం తమిళనాడులో ఒక గుడికి వచ్చి ఉండే మానసిక రోగులు 31 మందిని పరిశీలించి 2002లో రాసింది. అక్కడ నయం చేయడానికంటూ ప్రత్యేక పూజలు లేవు. గుడి పనులు చేసుకుంటూ కొన్ని వారాలు ఉన్నారు, అంతే. లక్షణాల కొలమానంలో దాదాపు 20 శాతం తగ్గుదల కనిపించింది. చిన్న అధ్యయనం, పోల్చడానికి వేరే గుంపు లేదు. అయినా ఎవరూ వెలివేయని చోట, చేయడానికి పని ఉండి, భయం లేకుండా ఉండటం మనిషికి మేలు చేస్తుందని నేను నమ్ముతాను.

కానీ అదే తమిళనాడులో ఏర్వాడి ఉంది. 2001 ఆగస్టు 6న అక్కడి ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది పారిపోలేక కాలిపోయారు. దేవుడి పేరున, చికిత్స పేరున మనుషుల్ని కట్టేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ నిషేధించింది. కాబట్టి అత్తగారితో వెళ్లి ఆ గుడి చూసి రండి. రాత్రిపూట ఎవరు చూసుకుంటారు, మందులు వేయనిస్తారా, ఉపవాసం, జాగరణ చేయిస్తారా అని అడగండి. జాగరణ అంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఆవిడకు ఇప్పుడు నిద్రే మందు.

జనగామ_రాజు · శనివారం, రాత్రి 8:30

అత్తమ్మను గూడ డాక్టరమ్మ దగ్గరికి తోల్కపో అక్కా. మా పెద్దమ్మ అప్పుడు డాక్టరు సారు "బోనమెత్తొద్దు" అనలే, "గోలీలు ఏస్కోని ఎత్తు" అన్నడు. గా మాటతోనే ఇంట్ల అందరు ఒప్పుకున్నరు.

కాకినాడ_అక్క · ఆదివారం, ఉదయం 8:10

తప్పకుండా తీసుకెళ్తాను రాజూ. ఒక్క ప్రశ్న మిగిలింది. చెల్లి ఇవాళ అడిగింది, "మళ్లీ ధ్యానం చేయొచ్చా? అక్కడ చూసిందంతా అబద్ధమేనా?" అని. ఏం చెప్పాలో తోచలేదు.

తిరుపతి_సాధకుడు · ఆదివారం, ఉదయం 9:00

తల్లీ, నా తరఫున చెప్పండి. కలిగిన శాంతి అబద్ధం కాదు. ఇప్పుడు మాత్రం కళ్లు మూసుకుని కూర్చోవద్దు. పొద్దున నడక, మొక్కలకు నీళ్లు, వంటింట్లో సాయం. ఆ సాధన చాలు.

సాహితి_క్లినికల్ · ఆదివారం, ఉదయం 10:25

అబద్ధమని అనకండి, దైవమనీ ఒత్తి చెప్పకండి. "నువ్వు చూసింది నీకు నిజం, దాని అర్థం ఒళ్లు కుదుటపడ్డాక నెమ్మదిగా మాట్లాడుకుందాం" అనండి. మేనియా తగ్గాక చాలామందికి సిగ్గు, దిగులు వస్తాయి. రాసిన కాగితాలు చూసి కుమిలిపోతారు. వాటిని పారేయకండి, ఆవిడ ముందు పెట్టనూ వద్దు, మీ దగ్గర దాచండి. ముందు ముందు థెరపిస్టుతో కలిసి చదవాలనుకుంటే ఆవిడే అడుగుతుంది.

ధ్యానం సంగతి డాక్టరమ్మ తేల్చాలి. మూడ్ నెలల తరబడి నిలకడగా ఉన్నాక కొద్ది నిమిషాలు, కళ్లు తెరిచి, పక్కన మనిషి ఉండగా మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు. మౌన శిబిరాలకు మాత్రం మళ్లీ వెళ్లొద్దనే నా సలహా. డిశ్చార్జి రోజున మూడు సంగతులు కాగితం మీద రాయించుకోండి. మందులు ఎన్నాళ్లు, రక్తపరీక్ష ఎప్పుడెప్పుడు, నిద్ర ఎన్ని గంటలకు తగ్గితే ఫోన్ చేయాలి. మూడోది ఫ్రిజ్ మీద అంటించండి, అత్తగారికి కూడా కనిపించేలా.

కాకినాడ_అక్క · ఆదివారం, ఉదయం 11:40

అలాగే చేస్తామండి. డిశ్చార్జి బహుశా గురువారం. మందుల పేర్లు తెలిశాక విశాఖ బాబును అడగాల్సినవి ఇంకా ఉన్నాయి, ఈ దారాన్ని మూసేయకుండా ఉంచండి.